నాలుగు కిలోల గుండు

మేము తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు... ఒక సోమవారం ఆటల పీరియడ్‌కి లెక్కల టీచర్ వచ్చి బోర్డు తుడిచింది.

పీఈటీ సార్ ఇక రారని అప్పుడే తెలిసింది. గోదావరిఖనిలో మా వైపు రెండు బాయిలు మూతపడ్డాయి. బాయి అంటే మాకు నీళ్ళది కాదు, బొగ్గుది. అందులో పనిచేసేవాళ్ళను కొత్తగూడెం వైపు, కాసిపేట వైపు బదిలీ చేశారు. క్వార్టర్లు ఖాళీ... మా కాన్వెంట్‌లో బెంచీలూ ఖాళీ. ఫీజులు తగ్గితే ముందుగా పోయేవి ఆటలే కదా. ఆటల గదికి తాళం పడింది. లోపల మాత్రం ఏముందని... గాలి పోయిన రెండు త్రోబాల్స్.

నిజం చెప్పాలంటే నాకేమీ అనిపించలేదు. అందరూ ఆడుతుంటే మెట్ల మీద కూర్చుని కథల పుస్తకం చదువుకునే రకం నేను. ఏడ్చింది నా పక్కన కూర్చునే రజిత.

వాళ్ళ నాన్న ఓపెన్‌కాస్ట్ గనిలో కాంట్రాక్టు కూలీ. ఆ కాంట్రాక్టు అయిపోయింది. పదో తరగతి కాగానే కుట్టుమిషన్ షాపులో పనికి కుదరాలని ఇంట్లో చెప్పేశారు. సార్ వెళ్ళిపోయే ముందు రజితకు ఒక దారి చెప్పారట. జిల్లా పోటీల్లో షాట్‌పుట్‌లో ఫస్ట్ వస్తే క్రీడా హాస్టల్‌కి తీసుకుంటారు, చదువూ తిండీ వాళ్ళదే. నిరుడు ఫస్ట్ వచ్చిన అమ్మాయి తొమ్మిది మీటర్లు వేసింది.

మరి వెయ్యడానికి గుండు ఏది?

మార్కెట్ వెనక యాకూబ్ చాచా లేత్ షాపు ఉండేది. రజిత అడిగింది, నేను ఆమె వెనక నిలబడ్డాను. బరువెంత అని చాచా అడిగితే రజిత నా వైపు చూసింది. లైబ్రరీలో వెతికి కాగితం మీద రాసుకొచ్చింది నేనే. మహిళలకు, నాలుగు కిలోలు.

చాచా కాగితం చూశారు. తర్వాత రజిత మణికట్టు చూశారు.

"గింత పోరికి గింత బరువా, బేటా?"

"పుస్తకంల ఉన్నది చాచా" అన్నాను. ఆ రోజంతా నేను మాట్లాడింది అదొక్కటే.

"పుస్తకంలనే ఉన్నదంటే ఇగ నేనేమంట" అని ఆయన పెద్ద ఇనుప షాఫ్టు ముక్క ఒకటి తెచ్చి మిషన్‌కి బిగించారు.

మూడు రోజులు, పని లేని వేళల్లో చేశారు. ఇనుము ఉల్లిపొరల్లా లేచి రాలుతుంటే, రోకలి ముక్కలా ఉన్నది మెల్లగా గుండ్రమవుతుంటే, నోరు తెరుచుకుని చూశాను. కొంచెం గీకడం, పక్క కిరాణం షాపు కాంటా మీద పెట్టడం, మళ్ళీ వెంట్రుకంత గీకడం. సరిగ్గా నాలుగు కిలోలు. పైసలు తీసుకోలేదు. ఎంత దూరం పోతుందో అప్పుడప్పుడు వచ్చి చెప్పమన్నారు, అంతే.

ఇక రోజూ సాయంత్రం ఖాళీ క్వార్టర్ల వెనక ఆమె వేసేది, నేను కొలిచి నోట్‌బుక్‌లో రాసేదాన్ని. మా అమ్మ బ్లౌజులు కొలిచే టేపుతో, జరిపి జరిపి. గుండు ఆనించిన చోట రజిత మెడ మీద తుప్పు మరక పడింది. స్నానం చెయ్యవా అని అసెంబ్లీలో సిస్టర్ కోప్పడితే తలవంచుకుంది, కానీ మర్నాడూ వేసింది. వానలో వేసింది. రామగుండం ఎండల్లో, ఇనుము కాలుతుంటే చున్నీతో పట్టుకుని తెచ్చి మరీ వేసింది.

ఏడాది గడిచింది. ఏడున్నర మీటర్లు... అది దాటలేదు.

పోటీకి ముందు రోజు ఆ గుండు మీదే కూర్చుని అంది, "నాతోని కాదే. నువ్వు ఇగ రాసుడు బంద్ చెయ్యి."

నాకు ఓదార్చడం రాదు. టేపు చుట్టుకుంటూ నిలబడ్డాను.

మర్నాడు గ్రౌండ్‌లో, పోటీకని బల్ల మీద పెట్టిన గుండు చేతిలోకి తీసుకుని రజిత నా వైపు తిరిగింది. "ఏందే, గిది బరువే లేదు, ఉత్తగనే ఉన్నది?"

ఎవరితోనూ మాట్లాడని నేను వెళ్ళి అక్కడి సార్‌ని అడిగాను. నాలుగు కిలోలు పెద్దవాళ్ళదమ్మా, మీ వయసు ఆడపిల్లలకు మూడే అన్నారాయన.

ఏడాది పాటు ఆమెను ఓడిస్తూ వచ్చింది నేను రాసిచ్చిన కాగితమే. వచ్చి చెప్పేశాను. కొడుతుందనుకున్నాను.

"అంటే యాడాదంత నాతోని పెద్దోళ్ళ గుండు మోపిచ్చినవా, సదువుల తల్లీ?" అని నవ్వడం మొదలుపెట్టింది.

మూడు అవకాశాలు. నాలుగు కిలోలకు అలవాటైన ఒళ్ళు మొదటిసారి ముందుకు తూలింది, ఫౌల్. రెండోసారి భయపడి ఆపుకుంది, ఎనిమిది. మూడోసారి గుండు ఆమె మెడ వదలడం వరకే చూశాను. తర్వాత కనిపించింది, సున్నపు గీతల చివర, గుర్తులు పెట్టే సున్నం డబ్బా పట్టుకుని కూర్చున్న అన్న లేచి పక్కకు ఉరకడం.

తొమ్మిదిన్నర.

టేపు మళ్ళీ పెట్టి కొలిచారు. అదే.

చప్పట్లు కొట్టడం కూడా గుర్తు రాలేదు నాకు. అన్ని పుస్తకాలు చదివాను... ఒక మనిషి బలం కళ్ళముందు అలా లేచి వెళ్ళడం అదే మొదటిసారి చూడటం.

చాచా దగ్గర తప్పు ఒప్పుకున్నాను. "పుస్తకం అబద్ధం చెప్పలే బేటా. నువ్వే ఇంకో లైన్ కిందికి చదవకపోతివి" అన్నారు. నిజమే. ఆ కింది లైన్ ఇప్పటికీ కంఠస్థం.

రజితే ఫస్ట్ వచ్చింది, హాస్టల్‌కి వెళ్ళింది, చదువుకుంది. ఇప్పుడు ఒక సర్కారు బడిలో పీఈటీ. ఆ గుండు నా దగ్గరే ఉంది, షెల్ఫ్‌లో పుస్తకాలు పడిపోకుండా ఆపుతుంది. అప్పుడప్పుడు రెండు చేతులతో ఎత్తి చూస్తాను... ఆమె ఒంటి చేత్తో ఎలా విసిరిందో ఇప్పటికీ అర్థం కాదు.

మొన్న రజిత ఫోన్ చేసింది. వాళ్ళ బడికి కొత్త గుండ్లు వచ్చాయట, తళతళలాడుతూ, సరైన బరువుతో. ఆటల పీరియడ్ మాత్రం లెక్కలకు ఇచ్చేశారట...

మీ బడిలోనూ ఆటల గదికి తాళం పడిందా? అయినా ఆడినవాళ్ళెవరైనా ఉంటే... వాళ్ళ పేరు ఇక్కడ రాయండి.