బేతమంగళలో గ్రీసు రిహార్సల్

మా ఆయన కేజీఎఫ్ గనిలో ఇరవై ఎనిమిదేళ్లు పని చేసినారు. రోజూ కేజ్ అనే గని లిఫ్టు ఎక్కి వేల అడుగుల లోతుకు దిగిన మనిషికి నీళ్లంటే మాత్రం భయం. నేనేమో టీచరుగా రిటైరయినాక, గ్రీసు సముద్రంలో తెరచాప పడవెక్కి, ఒక్కో దీవిలో ఆగుతూ తీరిగ్గా తిరిగి రావాలని ప్లాను వేసినాను.

"ముందు బేతమంగళ చెరువులో అలవాటు చేసుకుందాం పదండి" అని ఒక ఆదివారం ఆయన్ని లాక్కుపోయినాను.

చేపలు పట్టే మునెప్ప మమ్మల్ని తన గుండ్రటి పుట్టిలో ఎక్కించుకున్నాడు. నడిమధ్యకు పోయేసరికి గాలి లేచి పుట్టి గిర్రున తిరిగింది. మా ఆయన కళ్లు మూసుకుని, టిఫిన్ డబ్బాతో అంచు మీద ఒక్క దెబ్బ కొట్టినారు. పుట్టి ఆగలేదు. మళ్లీ కొట్టినారు.

"ఏందప్పా, నా పుట్టిని పగలగొడతావా?" అని మునెప్ప కసిరినాడు.

నాకప్పుడు అర్థమయింది. గనిలో పోతా ఉండే కేజ్‌ని ఆపాలంటే గంట ఒక్కసారి కొట్టాల.

గట్టెక్కినాక నాకే మనసు ఒప్పలేదు. "ఇంగ గ్రీసు వద్దులేండి" అన్నాను.

ఆయన చెమట తుడుచుకున్నారు. "వద్దని ఎవరన్నారు? ఆ గ్రీసు పడవాయనకి మాత్రం ముందే చెప్పు, ఒక్క దెబ్బ కొడితే ఆపాలని."

ఆ సాయంత్రమే పాస్‌పోర్టుకు ఫోటోలు దిగినాం. ఫోటోలో కూడా ఆయన కళ్లు మూసుకునే ఉండారు. విడిచిపెడతానా, మళ్లీ తీయించినాను.