ఇద్దరి ప్రొబేషనూ ఇవాళే అయిపోయింది

ఈ రోజు విజయనగరం కోర్టు పక్కన టీ కొట్లో ఒక మాట విన్నాను. అప్పటినుంచి కాలు ఒకచోట నిలవడం లేదు.

బడిపంతులుగా నా ప్రొబేషన్ పూర్తయిందని ఇవాళే ఉత్తర్వు వచ్చింది. ఆ సంబరంలో కొట్లో ఉన్నవాళ్లందరికీ గట్టిగా చెప్పేశాను. ఎదురు బల్ల మీద రాజాం మనిషి ఒకతను, పేరు అప్పల్నాయుడట, టీ తాగుతున్నాడు.

"నాది కూడా ఇయాలే అయిపోనాది బాబూ" అన్నాడు.

నేను లేచి అతని చెయ్యి పట్టుకుని ఊపేసి, "మీది ఏ స్కూలు?" అని అడిగాను.

"స్కూలేటి బాబూ! సైకిలు దొంగతనం కేసు. జైల్లో ఎయ్యకుండా, బుద్ధిగా ఉండమని కోర్టోరు ప్రొబేషన్ ఇచ్చినారు."

చెయ్యి వదలలేక, పట్టుకోలేక, "గడువు తీరింది కదా, ఇక మచ్చ పోయినట్టే" అన్నాను.

"ఎక్కడ పోతాది? పొద్దున్న మిల్లుకెల్లి పని అడిగితే, 'సైకిలు కేసోడివి నువ్వే కదా' అన్నారు. ప్రొబేషన్ అయిపోతే మీకు ఉజ్జోగం పర్మనెంటవుతాది. మాకు దొంగ పేరు పర్మనెంటవుతాది."

శిక్ష వద్దని వదిలేసిన చట్టం, గడువు తీరాక ఆ పేరు కూడా తుడిచెయ్యమని ఒక్క ముక్క గట్టిగా చెబితే దాని సొమ్మేం పోయింది?

ఇంటికొచ్చి ఇదే అరుస్తూ వరండాలో పచార్లు చేస్తున్నాను. మా స్కూల్లో గంట కొట్టే మనిషి కావాలి. ఇవాళే పర్మనెంటయిన నాకు, హెడ్మాస్టరు దగ్గర అప్పల్నాయుడి పేరెత్తడానికి నోరు రావడం లేదు. మీరైతే ఎత్తుతారా?