నాలుగు ఓముల స్పీకర్లూ, యాకూబ్ సారూ

మడికొండలోని నా దుకాణంలో కొత్త ఆంప్లిఫయర్‌ను గంటసేపు వాయించి మూతమీద చెయ్యి పెడితే, వెచ్చదనంతోపాటు సన్నగా వార్నిష్ వాసన వస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, యాకూబ్ సార్ గుర్తొస్తారు. వరంగల్ స్టేషన్ రోడ్డులో ఆయనకు ఆడియో దుకాణం ఉండేది. డిగ్రీ కాగానే నేను అక్కడే సేల్స్ పనిలో చేరాను.

సార్‌ది ఒక వింత పట్టుదల. కొనేవాళ్లు తమ ఇంట్లో ఉన్న స్పీకర్లను దుకాణానికి మోసుకొస్తేనే ఆంప్లిఫయర్ అమ్మేవారు. వాళ్లకిష్టమైన పాటలే గంటసేపు పెట్టి, ఎంత వేడెక్కిందోనని మధ్యమధ్య మూత తడిమి చూసేవారు. “పెండ్లికి ముందుగాల పిల్లా పిలగాడు మాట్లాడుకోవద్దా బిడ్డా? గిది గూడ గంతే” అని నవ్వేవారు. నాకేమో ఒళ్లు మండేది. ఆ గంటలో ముగ్గురికి అమ్మొచ్చు కదా అని నా గోల!

ఒకరోజు సార్ డోర్నకల్‌లో చుట్టాలింటికి వెళ్లారు. అప్పుడే ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి వ్యాపారం చేసే కొమురయ్య ఆంప్లిఫయర్ కోసం వచ్చాడు. ఏళ్ల తరబడి ఆశపడి కొనుక్కున్న పెద్ద స్పీకర్లట, నాలుగు ఓములవి. “గంత బరువు ఏడ మోసుకొస్త చెల్లె?” అన్నాడు. నేను డబ్బామీద వాట్లు చూసి, “ఇది మస్తు పవరన్నా, ఫికర్ చెయ్యకు” అని ఒకటి ఇచ్చేశాను. దాని వెనక ఎనిమిది ఓముల స్పీకర్లకు మాత్రమేనని చిన్న అక్షరాల్లో ఉంది. నేను చదివితే కదా!

నాలుగో రోజు, సార్ ఊరినుంచి వచ్చాక, కొమురయ్య మొహం వేలాడేసుకుని వచ్చాడు. పాటలో డప్పు గట్టిగా పడగానే ఆంప్లిఫయర్ ఆగిపోతోందట. “స్పీకర్లే ఖరాబున్నట్టున్నయి సార్, అమ్మేస్త. మా ఇంటామె మొదటిసంది వద్దనే అంటాంది” అన్నాడు. దుకాణంలో ఉన్న అలాంటిదాన్నే తిప్పి, వెనక ఆ చిన్న అక్షరాలు అప్పుడు చదివాను. అంత ఇష్టపడి కొన్నవాటిని నా తొందరపాటువల్ల వదులుకోబోతున్నాడు.

సార్ నన్ను లోపలికి పిలిచి నెమ్మదిగా వివరించారు. ఓములంటే కరెంటుకు స్పీకర్ పెట్టే అడ్డు; అవి తగ్గేకొద్దీ స్పీకర్ ఎక్కువ కరెంటు లాగుతుంది. అంత ఇవ్వలేని ఆంప్లిఫయర్ కాలిపోకుండా తనంతట తానే ఆగిపోతుంది. “డబ్బామీది వాట్లతోని ఏమైతది? నాలుగు ఓములకాడ ఎంత ఇస్తదో చూడాలె బిడ్డా” అని, నన్నే అడిగారు. “ఆయనకు నేను చెప్పాల్నా, నువ్వు చెప్తవా?”

“నేనే చెప్త సార్” అన్నాను. బయటికొచ్చి, “అన్నా, నీ స్పీకర్లు మంచిగున్నయి. నాకు తెల్వకున్నా తెలిసినట్టు చెప్పిన. తప్పు నాదే” అన్నాను. ఇక ఉద్యోగం ఊడినట్టేననుకున్నాను.

“అట్లయితె స్పీకర్లు ఇటే తెస్త” అన్నాడు కొమురయ్య. ఆ మధ్యాహ్నమే ఆటోలో వాటినీ, ఆంప్లిఫయర్‌నూ తెచ్చాడు. సార్ నేను అమ్మినదాన్ని వాపసు తీసుకుని, నాలుగు ఓములకు సరిపడా కరెంటు ఇచ్చే, బరువైన ట్రాన్స్‌ఫార్మరున్న ఇంకో ఆంప్లిఫయర్‌ను వాటికి కలిపారు. డప్పు మోగింది, పాట ఆగకుండా సాగింది. “అబ్బో! గిది గద పాటంటే!” అని కొమురయ్య కుర్చీలో చేరగిలబడ్డాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

మర్నాడు ఎవరో వచ్చి, తన స్పీకర్లకు ఏ ఆంప్లిఫయర్ సరిపోతుందని సార్‌ను అడిగారు. సార్ లెక్కపుస్తకంలోంచి తలెత్తకుండానే నావైపు చెయ్యి చూపించారు. “మేడమ్‌ను అడుగుండ్రి. తెల్వకుంటె తెల్వదనే చెప్తది.”

అంతకన్నా పెద్ద బిరుదు నాకు ఇప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదు.