రైట్ చెప్పే ముందు

నేను ఇంట్లోనే చదువుకుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నదాన్ని. ఆ రోజు భద్రాచలం బస్సులో కూర్చున్నానే గానీ, మనసంతా ఒక డ్రైవర్ మీదే ఉంది. డ్రైవర్ అంటే కంప్యూటర్ ఆజ్ఞను యంత్రానికి అందించే ప్రోగ్రాం. నేను రాసింది పసికందులకు వెచ్చదనమిచ్చే యంత్రానికి. పాత ప్రాసెసర్ మీద ఎన్నడూ తప్పనిది, కొత్త రకం ప్రాసెసర్‌కు మార్చాక అప్పుడప్పుడు కొత్త ఆజ్ఞను వదిలేసి పాతదే చేస్తోంది. అలాంటిదాన్ని దవాఖానాకు ఎలా పంపను?

పాల్వంచలో చీరల మూటలతో ఒక పెద్దావిడ ఎక్కింది. ఆఖరి మూట ఇంకా కిందే ఉండగా కండక్టర్ రైట్ అన్నాడు. ఆమె తలుపు కడ్డీ పట్టుకుని కదలలేదు.

"ఏంది కొడుకా, మూట ఎక్కకముందే రైటంటవ్? భద్రాచలంల నీ టికెట్ మిషిన్ అమ్ముకోవాల్నా?"

"రోజూ ఎక్కెటోళ్లు సామాను ముందే లోపలేసుకుంటరమ్మా. గట్ల అలవాటైంది."

"అందరు గట్లనే ఎక్కుతరా? చూసి చెప్పు."

నాకు అప్పుడు తట్టింది. పాత ప్రాసెసర్ ఆజ్ఞను మెమరీలో చేర్చాకే, తీసుకోమని యంత్రానికి సైగ చేసేది. కొత్తది వేగం కోసం ఆ వరుస మార్చగలదు. ఆజ్ఞ చేరకముందే సైగ వెళ్లిపోతోంది. రెండింటి మధ్య ఆగమని నేను రాయనేలేదు.

ఇంటికొచ్చి ఆ ఒక్క వాక్యం చేర్చాను. రెండు ప్రాసెసర్ల మీదా ఎంతసేపు పరీక్షించినా యంత్రం మళ్లీ తప్పలేదు. గుండె కుదుటపడింది. దీపం పెట్టి, నేను పేరైనా అడగని ఆ పెద్దావిడ మూటలన్నీ అమ్ముడుపోవాలని రాముణ్ణి వేడుకున్నాను.