గ్యాసు లైటు బూడిద

మొన్న నల్గొండలో మా మనవరాలు అటక మీది పాత గ్యాసు లైటును దింపి, దుమ్ము దులిపి నా ముందు పెట్టింది. పిల్ల కాలేజీలో భౌతికశాస్త్రం చదువుతోంది. "తాతా, గీ మాంటిల్ల జరంత సీరియం కలుపుతరు, ఎరుకేనా? విరళ మృత్తికల జాతి. గది లేకుంటే గింత తెల్లగ వెలగదు" అంది. చిన్నప్పటినుంచీ నన్ను తొలుస్తున్న ప్రశ్నకు జవాబు అది. మాంటిల్ అనే ఆ గుడ్డ తిత్తి కాలి బూడిదైతే, ఆ బూడిద ఎట్లా వెలుగుతుంది?

ఆ లైటు చాచాది. చాచా అంటే మా నాయిన దోస్తు. కట్టంగూరు చుట్టుపక్కల పెళ్లిళ్లకు లైట్లు కిరాయికిచ్చేవాడు. 1948లో నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగిన వారంలో, ముసల్మాన్ల మీద కొందరు కక్ష తీర్చుకుంటున్నారని విని, అవ్వ, అంటే మా నాయినమ్మ, ఆయన్ను వడ్లు పోసే చిన్న గదిలో, అర్రలో దాచింది. ఊరు మాత్రం ఆయన వెళ్లిపోయాడనే అనుకుంది. ఇదంతా అవ్వ చెప్పగా విన్నదే. నేనప్పటికి అమ్మ కడుపులో ఉన్నాను.

ఒకరోజు పొద్దుగూకే వేళకు అమ్మకు నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగిందనీ, ఆముదం దీపం చాలదనీ మంత్రసాని అంది. అవ్వ అర్రలోని చాచా గ్యాసు లైటు తెచ్చింది. శుభ్రానికి మా అవ్వ పెట్టింది పేరు. రోజూ దీపాల మసి తుడిచే అలవాటు కొద్దీ, లోపల వేలాడుతున్న మాంటిల్‌ను కాలిన పీలిక అనుకుని కొంగుతో నున్నగా తుడిచేసింది!

అర్ర సందులోంచి చూసిన చాచా నెత్తి కొట్టుకున్నాడు. "అమ్మా, గా బూడిదే లైటు!" జేబులో ఇంకొక్కటే మాంటిల్ ఉంది. కట్టడం ఆయనకొక్కడికే వచ్చు. ఊళ్లో ఆయనకు తప్ప ఎవరికీ లేని ఆ తెల్లని వెలుగు కిటికీలో కనబడితే, చాచా ఇక్కడున్నాడని ఊరందరికీ తెలిసిపోతుంది.

"నువ్వు రాకు బిడ్డా, సంపుతరు."

"జరుగమ్మా, కాన్పు ఆగుతదా?"

మాంటిల్ కట్టి, కాల్చి, పంపు కొట్టి, గది గుమ్మంలో గోడవైపు మొహం తిప్పుకుని లైటు ఎత్తి పట్టుకున్నాడు. కాలిన మాంటిల్ కాస్త అదిరినా రాలిపోతుంది. ఇంతలో కట్టెలు పట్టుకుని ఒక గుంపు వాకిట్లోకి వచ్చి, వాణ్ని బయటికి పంపమని అరిచింది. అవ్వ కడపకు అడ్డంగా నిలబడింది.

"ఇంట్ల కాన్పు అయితాంది. లైటు పట్టినోడు నా కొడుకే. ముందుగాల నన్ను దాటుండ్రి."

అప్పుడే లోపల నేను కెవ్వుమన్నాను. వాళ్లు కట్టెలు దించి, ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

పెద్దయ్యాక చాచాను అడిగాను, బూడిద ఎట్లా వెలుగుతుందని. "గదే ఎరుకైతే పంతులునైతుంటి గదరా" అని నవ్వాడు. పోయేముందు ఈ లైటు నాకిచ్చాడు. ఆ ప్రశ్నకు జవాబు ఇన్నాళ్లకు మనవరాలు చెప్పింది. వాకిట్లో గుంపు అరుస్తుంటే, ఆ చెయ్యి వణక్కుండా ఎట్లా పట్టుకున్నావు చాచా అని మాత్రం అడగనేలేదు. ఆయన ఉన్నన్నాళ్లూ ఇంకా బోలెడు కాలం ఉందనుకున్నాను.