పొయ్యి మీది టమాటా గింజలు

మా దీవిలోని చౌల్దారీ పల్లెలో మా పెద్దమ్మ పోయింది. నేను ఆఫీసులో ఉండగా ఆమె పక్కింటి బెంగాలీ దీదీ ఫోన్ చేసి, "తుమ్హారీ పెద్దమ్మ నహీ రహీ" అని ఒక్క ముక్క చెప్పి ఏడ్చేసింది. పొద్దున్న పెరట్లో మొక్కలకు నీళ్లు పోస్తూ అక్కడే కూలబడిపోయిందట. టౌన్లోని డిగ్నాబాద్ నుంచి నేను వెళ్లేసరికి చాప మీద పడుకోబెట్టారు. గోళ్ల సందుల్లో మట్టి అలాగే ఉంది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. పిల్లల్లేరు, చదువు రాదు. పేరూ ప్రతిష్ఠా ఉన్న మనిషి కాదు. కానీ ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పెరళ్లలో కాసిన టమాటాల్లో సగం ఆమె పంచిన గింజల నుంచి వచ్చినవే. అది చెప్పుకోవాలి. దాంతో పాటు నేను చేసిన పని కూడా చెప్పాలి, లేకపోతే ఈ రాత అబద్ధమవుతుంది.

చెట్టునే పండి మెత్తబడిన కాయను ఏరి, గింజల్ని గిన్నెలోకి పిండి రెండు రోజులు మూలన పెట్టేది. ఇల్లంతా పులిసిన కంపు. ముక్కు మూసుకుంటే, "నీ పెళ్లికి అత్తరు సేత్తన్నానే" అని నవ్వేది. తర్వాత కడిగి, బూడిదలో పొర్లించి, నీడన ఆరబెట్టి, గుడ్డ పేలికలో ముడేసేది. ఆ ముళ్లన్నీ పొయ్యి మీద వేలాడే పాత దిండు గలీబులోకి చేరేవి. మా దీవుల చెమ్మకు డబ్బాలో దాచిన గింజ బూజు పడుతుంది. పొగ తగులుతుంటేనే నిలుస్తుంది.

పేలిక అంటే ఏదో ఒక గుడ్డ కాదు. ఆ రకం ఎవరింటి నుంచి వచ్చిందో వాళ్ల చీర ముక్కే అయి ఉండాలి. రాయడం రాదు కనుక ఆమె లెక్కలన్నీ ఆ ముక్కల్లోనే ఉండేవి. పసుపు పూల ముక్కలో ఉన్నవి ఉసిరికాయంత కాయలు కాసే గింజలు. అడవి పనికి వచ్చిన రాంచీ ముసలామె కొంగున కట్టి తెచ్చినవి. ఎర్రంచు ముక్క దీదీ అత్తగారిది. గళ్ల ముక్క పెద్దమ్మ అత్తగారిది. సోంపేట వైపు నుంచి షిప్పెక్కినప్పుడు ఆవిడ బియ్యం సంచిలో దాచి తెచ్చిన, గాడులు పడ్డ పుల్లటి రకం. ముడి చేతిలో పెట్టే ముందు పెద్దమ్మ ఆ కథంతా చెప్పి, మళ్లీ మనచేత చెప్పించుకునేది. "కత రానోళ్లకి గింజెందుకే? రెండేళ్లకి మర్సిపోయి నర్సరీ నారు తెచ్చి ఏసీసుకుంతారు." పంట చేతికొచ్చాక అదే గుడ్డలో కొన్ని గింజలు తిరిగి తెచ్చివ్వాలి. అదీ ఆమె పెట్టిన షరతు.

సునామీ తర్వాత పల్లపు నేలల్లో ఉప్పునీళ్లు నిలిచిన ఏడాది ఆమె పెరట్లో ఒక్క మొక్క మిగల్లేదు. వంటపాకలో ముళ్లూ నానిపోయాయి. మెరక ఇళ్లన్నీ తిరిగి, ఎవరికిచ్చిన రకం వాళ్ల దగ్గర అడిగి తెచ్చుకుంది. "ఒక్కింటనే దాసుంటే ఏటైపోను సూడు" అంది. ఇప్పుడు ఆ మెరక ఇళ్లలో అడిగితే ఎవరి దగ్గరా లేవు. అందరూ షిప్పులో వచ్చే ప్యాకెట్లే చల్లుతున్నారు. వాళ్లను అని ఏం లాభం, నేను చేసిందేమిటి?

మూడేళ్ల కిందట నా చేతిలో మసి పట్టిన ముడి ఒకటి పెట్టింది. "కూకో, దీని కత ఇనెల్లు" అంది. "బస్సెళ్లిపోద్ది పెద్దమ్మా, వచ్చే ఆదివారం వింటాను" అన్నాను. ఆ ముడి నా హ్యాండ్‌బ్యాగులోంచి బీరువా సొరుగులోకి వెళ్లింది. ఆ ఆదివారం రాలేదు. కలిసినప్పుడల్లా ఆమె మొదటి మాట ఒకటే: "మొలకలొచ్చినాయా?" వచ్చాయన్నాను. తర్వాత కాస్తున్నాయన్నాను, గింజలు ఈసారి తెస్తానన్నాను. నా అబద్ధం మాత్రం ఏపుగా పెరిగింది.

కిందటి వానల్లో ఆమె పెరట్లో నాకిచ్చిన ఆ రకానికే ఎండు తెగులు పట్టింది. గింజ తీసేలోపే మొక్కలన్నీ వడలిపోయాయి. నేను పక్కనే ఉన్నాను. ఆమె కంగారేమీ పడలేదు. "పోతే పోనీ. నీ కాడ బతికున్నాయి గదా" అంది. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. తలూపి ఊరుకున్నాను.

పోయినవాళ్ల పరుపు, విడిచిన బట్టలు మూడో రోజున పెరటి చివర కాల్చేయడం మా ఇళ్లలో ఆచారం. ఆడపిల్లను నేనొక్కదాన్నే కాబట్టి అన్నీ నేనే పోగేశాను. పొయ్యి మీద మసిబారిన గలీబు కనిపించింది. లోపల చెయ్యి పెడితే చింకి చీర ముక్కలు తగిలాయి. ఏడ్చి ఏడ్చి మొద్దుబారిన బుర్రకు అవీ ఆమె బట్టలే అనిపించాయి. తీసుకెళ్లి మంటలో వేశాను. కాసేపటికి తాలింపు పెట్టినట్టు చిటపటలు వినిపించాయి. కొబ్బరి పీచేమో అనుకున్నాను.

పదో రోజున దీదీ వచ్చి అరచెయ్యి చాపింది. "వో బీజ్ కీ థైలీ దేనా బేటీ. ఈ సీజన్ నేను వేస్తా." గింజల సంచీ అడుగుతోంది. పెరటి చివర బూడిద వైపు చూశాను. ఆమె కూడా అటే చూసింది. పీట వాల్చుకుని కూర్చుండిపోయింది.

ఇంటికొచ్చి సొరుగు లాగాను. ముడి అక్కడే ఉంది. పైనంతా నల్లటి మసి. విప్పితే లోపలి మడతలో గుడ్డ అసలు రంగు బయటపడింది. నీలం మీద తెల్ల చుక్కలు. అది మా అమ్మ చీర. అమ్మ పోయి ఎనిమిదేళ్లయింది. పిడికెడు మట్టి లేని మా క్వార్టర్లో బతికిన మనిషి టమాటాలు ఎప్పుడు వేసింది, ఆ గింజలు ఎక్కడ సంపాదించింది, అక్కకు ఎందుకిచ్చింది? ఆ కథ తెలిసిన మనిషి నన్ను కూర్చోమంది. నేను బస్సెక్కాను.

ఇరవై మూడు గింజలున్నాయి. సగం దీదీకిచ్చాను. సగం మా బాల్కనీలో కుండీలో వేశాను. ఇరవై రోజులైంది. దీదీ ఫోన్ చేసి, "నిక్లా క్యా?" అని మొలకల సంగతి అడుగుతుంది. నేనూ అదే అడుగుతాను. ఇంకా లేదనుకుని ఇద్దరం పెట్టేస్తాం.

కుండీలో చిన్న పుల్ల గుచ్చి దానికి ఆ నీలం ముక్క కట్టాను. రోజూ పొద్దున్నే నీళ్లు చిలకరించి, వంగి చూస్తాను. నల్లగా తడిసిన మట్టి, దాని మీద అమ్మ చీర ముక్క. మొలకలొచ్చినాయా అని పెద్దమ్మ అడుగుతూనే ఉంటుంది. రాలేదు పెద్దమ్మా అంటున్నాను.