నాలుగో లేన్‌లో రెండో తూటా

కంపెనీ బస్సు నన్ను గల్ఫ్‌లో మా బస ఉన్న మంగఫ్ నుంచి తెచ్చి ఎడారి అంచున దించింది. ఉదయం ఆరున్నర. అప్పటికే గాలి పొయ్యి సెగలా తగులుతోంది. ఎదురుగా ఇసుక కట్ట, దాని ముందు గురిచూసి కాల్చే పిస్టల్ రేంజి, రేంజికి రెండు వందల గజాల వెనక ఒక ఇనుప కంటైనరు. అదే నా పోస్టు. మాది రాయచోటి. సైన్యంలో ఆయుధాలు బాగుచేసే హవల్దారుగా పనిచేసి రిటైరయ్యాను. పోటీలకు వెళ్ళే షూటర్లకు తూటాలు తిరిగి నింపే పనికి ఆ రేంజి నడిపే క్లబ్బు నన్ను రప్పించింది.

తూటా అంటే చంపేదే అనుకుంటారు మీరు. ఇవి అందుకు కాదు. పాతిక మీటర్ల దూరంలో కాగితానికి చిల్లు పడితే చాలు, చెయ్యి మాత్రం అదరకూడదు. అందుకని కాల్చేసిన గొట్టానికి మందు అంటించే కొత్త ప్రైమర్ బిగించి, మందు బాగా తక్కువ పోసి, పైన సీసపు గుండు కూర్చుతాం. ప్రమాదం ఆ తక్కువలోనే ఉంది. మందు అసలు పడకపోయినా, రెండుసార్లు పడినా, గుండు కూర్చున్నాక పైకి తేడా తెలియదు. కాబట్టి ఆ పని ఇద్దరిది. తూటాలు నింపే ప్రెస్ లివర్ లాగేది నేను. గుండు పెట్టకముందు ప్రతి గొట్టంలోకి లైటు వేసి చూసేది, నింపినవాటిని రేంజిలో కాల్చి చూసేది టెస్ట్ ఫైరర్. అతనూ మాజీ సైనికుడే, గోదావరి జిల్లావాడు. నేను కబుర్లు మొదలుపెడితే ఆపేసేవాడు.

"మాట్లాడించకండి హవల్దారు గారూ. చూపు తప్పుద్దండి."

పోటీకి రెండు రోజుల ముందు మేనేజరు కంటైనరులోకి వచ్చాడు. హైదరాబాదువాడు, తుపాకి ఏనాడూ పట్టినవాడు కాదు.

"గెస్టులొస్తున్నరు. ఈయనను కుర్చీలెయ్యనీకి తీస్కపోతున్న. నువ్వొక్కనివే నింపు."

"ఒక్కనితో కాదు సార్. చూసేటోడు లేకుంటే ఒక్క రౌండు కూడా నేను నింపను."

"నింపకుంటే బయటికి నడు."

టెస్ట్ ఫైరర్‌ను రేంజికి పంపి, నన్ను బయటికి నెట్టి లోపల గడియ పెట్టుకున్నాడు. కిటికీలోంచి చూశాను. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, నవ్వుతూ, తనే లివర్ లాగుతున్నాడు. మధ్యలో ప్రెస్ పట్టేస్తే చేత్తో కుదిపి మళ్ళీ లాగాడు. తలుపు బాదాను. అతను తలెత్తలేదు. కాసేపటికి నింపిన తూటాల పెట్టె చంకన పెట్టుకుని జీపులో రేంజికి వెళ్ళిపోయాడు.

నేను లోపలికి పరిగెత్తి వాకీటాకీ అందుకున్నాను. మీట నొక్కేలోపే అందులోంచి మేనేజరు గొంతు వచ్చింది. తన సెట్టు మీట నొక్కిపట్టి, వెనకబడ్డ గెస్టుల కారు డ్రైవరుకు దారి చెబుతున్నాడు. మా సెట్లలో ఒకడు నొక్కి ఉంచితే ఇంకొకడి మాట వెళ్ళదు. అతని మాటల వెనక, టెస్ట్ ఫైరర్ ఎప్పుడూ కాల్చే నాలుగో లేన్‌లో కాల్పులు వినిపిస్తున్నాయి. సమంగా, ఒకదాని వెనక ఒకటి. ఉన్నట్టుండి ఒకటి మాత్రం టప్పుమంది, సీసా మూత తీసినట్టు.

ఆ చప్పుడు నాకు తెలుసు. మందు లేని తూటా. ప్రైమర్ తోపుకే కదిలి గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుంది. దాని వెనక ఇంకోటి కాలిస్తే పిస్టల్ పగిలిపోతుంది.

"ఆపు అబ్బీ! కాల్చొద్దు! బ్యారెల్ చూడు!" అని అరిచాను. నా మాట ఎవరికీ చేరలేదు.

"ఆగండి సార్, ఏదో తేడాగా ఉందండి," అని సెట్లోంచి టెస్ట్ ఫైరర్ గొంతు వినిపించింది.

"ఏం కాలే భయ్. స్లైడ్ లాగి ఇంకోటి కొట్టు. గెస్టులు చూస్తున్నరు. ఇఖామా రెన్యువల్ ఉంది గదా నీది? అది లేకుంటే ఈ దేశంల ఉండనియ్యరు. యల్లా, కొట్టు!" అన్నాడు మేనేజరు.

సెట్టు పారేసి ఇసుకలో పరిగెత్తాను. సగం దూరంలో ఉండగా రెండో చప్పుడు, ఈసారి సెట్లో కాదు, నేరుగా చెవులతోనే విన్నాను. ముందు దాంట్లో పడాల్సిన మందు కూడా ఈ తూటాలోనే పడింది. నేను చేరేసరికి అతను మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. పిస్టల్ పగిలి బల్ల కింద పడి ఉంది. కుడిచేతి బొటనవేలు, చూపుడు వేలు లేవు. నా చొక్కా చింపి మణికట్టు దగ్గర బిగించి కట్టాను. మేనేజరు గెస్టులను నీడలోకి నడిపించాడు. అంబులెన్సు కూడా నేనే పిలిచాను.

రిపోర్టులో షూటర్ అజాగ్రత్త అని రాశారు. నేను మాకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ దగ్గరికి వెళ్ళి చూసిందంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. టీ ఇప్పించాడు. మర్నాడు మా ఇద్దరికీ ఇంటికి టికెట్లు వచ్చాయి. "ఖలాస్, అయిపోయింది," అన్నాడు ఆఫీసు క్లర్కు, పాస్‌పోర్టులు బల్ల మీదకి తోస్తూ. మేనేజరు అక్కడే ఉన్నాడు. ఇప్పటికీ ఉన్నాడు.

తుపాకులతో ఆటలాడితే అంతేగా అంటారు ఇక్కడ ఊళ్ళో మనవాళ్ళు. ఆ మాట అన్నవాణ్ని నేను గుమ్మం దాటి లోపలికి రానివ్వను.

అక్కణ్ణించి తిరిగి వచ్చేరోజు ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ దగ్గర నేను అతని వెనకే ఉన్నాను. వేలిముద్ర యంత్రం వైపు చూపించి అధికారి కుడిచెయ్యి పెట్టమన్నాడు. అతను కట్టు ఉన్న చేతిని జాగ్రత్తగా అద్దం మీద ఆనించాడు. ఎర్రలైటు వెలిగింది. అధికారి తల ఎత్తకుండానే మళ్ళీ పెట్టమని సైగ చేశాడు. అతను చెయ్యి తీసి, ప్యాంటుకు తుడుచుకుని, మళ్ళీ పెట్టాడు.